గర్భసంచి తీయిస్తే దగ్గినప్పుడు పడే చుక్క ఆగుతుందా?

మల్కాజిగిరి ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు కనుక ఆమె చెప్పిన సంగతులను కుదించి ఇస్తున్నాను. ఆమె వయసు 47 ఏళ్లు. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతారు. రెండూ మామూలు కాన్పులే, అయితే రెండవ బిడ్డ 3.9 కిలోల బరువుండడంతో ఫోర్సెప్స్ అనే పటకారు వేసి తీయవలసి వచ్చింది. మూడేళ్లుగా తుమ్మినా, నోటుపుస్తకాల కట్ట ఎత్తినా, బస్సు మెట్టు ఎక్కినా రెండు మూడు చుక్కల మూత్రం పడుతోంది. కిందటి ఏడాది బీపీకి రామిప్రిల్ మాత్ర మొదలుపెట్టారు. కొన్ని నెలలకే పొడిదగ్గు పట్టుకుంది, దానితో ప్యాడ్ లేకుండా బడికి వెళ్లలేని స్థితి వచ్చింది. ఇటీవల మరొకటి తోడైంది: బడి నుంచి వచ్చి తలుపు తాళం తీస్తుండగానే ఆపుకోలేనంత తొందర వచ్చి, బాత్రూముకు చేరేలోపే చీర తడుస్తోంది.

ఈ భయంతో ఆమె మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టరు. ప్రతి పీరియడుకూ ముందు, అవసరం ఉన్నా లేకపోయినా, ఒకసారి వెళ్లి వస్తారు. మలబద్ధకం కూడా మొదలైంది. నిరుడు బతుకమ్మ ఆడలేదు, ఈ ఆషాఢంలో అత్తవారింట బోనాలకు వెళ్లలేదు. అసలు సంగతి తెలియని భర్త "మా వాళ్లంటే నీకు గిట్టదు" అంటున్నారట. ఆడపడుచు మాత్రం కనిపెట్టి, "గర్భసంచి తీయించుకో, అన్నీ పోతాయి, నేను తీయించుకోలేదా" అని సలహా ఇచ్చారు. దగ్గరలోని ఒక డాక్టరు కూడా స్కానింగులో చిన్న గడ్డ కనిపించిందంటూ పది నిమిషాల్లో అదే మాట చెప్పి, ఆపరేషన్‌కు తేదీ ఇవ్వబోయారు. తోటి టీచరు పంపిన వీడియో చూసి నెలరోజులు కటి అడుగు కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలు చేసినా గుణం కనిపించలేదు. ఉత్తరం చివర ఆమె ఇలా అడిగారు: "పదవ తరగతికి విసర్జన పాఠం చెబుతూ మూత్రాన్ని ఆపి ఉంచే సంవరిణి కండరం బొమ్మ గీసేది నేనే. నాలో చెడిపోయింది ఏదో మాత్రం నాకు తెలియడం లేదు. గర్భసంచి తీయించుకోమంటారా?"

ముందుగా మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. మూత్రం కారడమే కారణమైతే, గర్భసంచి తీయించుకోవడం దానికి వైద్యం కాదు. మూత్రాన్ని ఆపే పని గర్భసంచిది కాదు, అది ఆ వీధిలో పక్కింటిది మాత్రమే. పైగా స్వీడన్‌లో వేలాది స్త్రీల రికార్డులు పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భసంచి తీయించుకున్నవారికే తరువాతి కాలంలో మూత్రం కారకుండా చేసే ఆపరేషన్ ఎక్కువగా అవసరమైనట్టు తేలింది. మీ గడ్డ వల్ల అధిక రక్తస్రావమో, నొప్పో ఉంటే అది వేరే ప్రశ్న, దాన్ని దాని మంచిచెడ్డల మీదే తేల్చుకోవాలి. మీ ఉత్తరంలో ఆ రెండింటి ప్రస్తావనే లేదు. కాబట్టి ఆ తేదీని ప్రస్తుతానికి తీసుకోకండి. మన ప్రాంతంలో నలభై దాటిన ఆడవారి ప్రతి బాధకూ గర్భసంచినే దోషిగా నిలబెట్టే అలవాటు పాతుకుపోయింది. దాని గురించి నాకున్న కోపాన్ని ఇక్కడితో ఆపుకుంటాను.

మీరు బోర్డు మీద గీసే బొమ్మలో మూత్రాశయమనే ఒక సంచి, దాని కింద ఒక గొట్టం, ఆ గొట్టానికి రెండు వలయాలు ఉంటాయి. పైది మన ఇష్టంతో పనిలేకుండా పనిచేసేది, కిందిది మన ఇష్టప్రకారం బిగుసుకునేది. పరీక్షకు ఆ బొమ్మ చాలు గానీ, మీ శరీరాన్ని అర్థం చేసుకోవడానికి చాలదు. పాఠ్యపుస్తకం ప్రసేకం అని పిలిచే ఆ గొట్టం పురుషులలో 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటే స్త్రీలలో సుమారు 4 సెంటీమీటర్లే. మూత్రాశయపు మెడ దగ్గర నునుపు కండరంతో ఏర్పడిన గట్టి వలయం పురుషులలో స్పష్టంగా ఉంటుంది, వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోకుండా ఆపేది అదే. స్త్రీలలో ఆ పోగులు ఎక్కువగా నిలువుగా సాగుతాయి కనుక ఆ పై తలుపు అంత బలమైనది కాదు. భారమంతా దాని దిగువనున్న ఏర్పాట్ల మీద పడుతుంది. ఆ ఏర్పాట్లు ఒకటి కాదు, నాలుగైదు.

వాటిలో మొదటిది ప్రసేకం మధ్యభాగాన్ని చుట్టుకొని ఉండే చారల కండరం. దీన్ని పూర్తి ఉంగరంగా గీయడం అలవాటే గానీ, వాస్తవానికి ముందువైపు మందంగా, యోనివైపున్న వెనుకభాగంలో పలచగా, గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. దాని పోగులు చాలావరకు నెమ్మదిగా ముడుచుకొని గంటల తరబడి అలసిపోకుండా బిగువు నిలిపే రకానివి. మీరు పాఠం చెబుతున్నా నిద్రపోతున్నా అది తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. కొంత కిందికి వస్తే మరో రెండు కండరపు పట్టీలు కనిపిస్తాయి. ఒకటి కటి ఎముక నుంచి వచ్చి ప్రసేకం ముందుగా విల్లులా వంగి దాన్ని వెనక్కి నొక్కుతుంది. రెండవది ప్రసేకాన్నీ యోనినీ కలిపి చుట్టుకుంటుంది. ఈ మూడూ కలిసి ఒకే వ్యవస్థగా పనిచేస్తాయని, పాత పుస్తకాలు చెప్పినట్టు అక్కడ రెండు పొరల మధ్య ఇరికించిన చదునైన కండరపు పలక ఏదీ లేదని ఓల్‌రిచ్ అనే శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు 1980లో పురుషులలోనూ, 1983లో స్త్రీలలోనూ చూపించాడు. అయినా ఆ పలక బొమ్మ చాలా పుస్తకాల్లో ఇంకా బతికే ఉంది, కాబట్టి మీ బొమ్మ గురించి మీరు చిన్నబోనక్కరలేదు. వీటికి తోడు ప్రసేకం లోపలి పొర కింద మెత్తని రక్తనాళాల వల ఒకటి ఉండి, కుళాయిలో వాషర్ లాగా సందు మూస్తుంది. నెలసరి నిలిచే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గేకొద్దీ ఈ పొర పలచబడుతుంది.

మీ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఈ గొట్టం కింద ఉండే ఆధారం. ప్రసేకం యోని ముందుగోడ మీద ఆనుకొని ఉంటుంది. ఆ గోడను రెండు పక్కలా బంధన కణజాలమూ, కటి అడుగున పరచుకొని ఉండే లెవేటర్ కండరాలూ పట్టి నిలుపుతాయి. మీరు దగ్గినప్పుడు పొట్టలోని ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రాశయాన్ని నొక్కుతుంది, అదే క్షణంలో ప్రసేకాన్ని కూడా కింది ఆధారానికేసి అదిమి మూసేస్తుంది. చపాతీ పీట గట్టి బండ మీద ఉంటేనే కర్ర నొక్కుకు పిండి పలచబడుతుంది. అదే పీటను పరుపు మీద పెట్టి ఒత్తితే పీటా పిండీ కలిసి కుంగుతాయి తప్ప పిండి అణగదు. ఆధారం సాగిపోయిన స్త్రీలో దగ్గు తెచ్చిన ఒత్తిడి ప్రసేకాన్ని మూయకుండా కిందికి నెట్టడానికే ఖర్చవుతుంది, చుక్కలు జారిపోతాయి. ఈ సంగతిని 1994లో అమెరికాలోని డిలాన్సీ అనే వైద్యుడు శవపరీక్షల ఆధారంగా వివరంగా రాశాడు. పెద్ద బిడ్డ, ఫోర్సెప్స్ కాన్పు అనే రెండు మాటలు మీ ఉత్తరంలో చదవగానే నా దృష్టి ఈ ఆధారం మీదికే పోయింది. అలాంటి కాన్పులో లెవేటర్ కండరం ఎముక దగ్గర చీలడమో, ప్రసేకపు చారల కండరానికి ఆజ్ఞ తెచ్చే నాడి సాగి దెబ్బతినడమో జరగవచ్చు. ఆ నాడి వెన్నుపాము దిగువన, త్రికభాగపు 2 నుంచి 4 ఖండాల్లో ఉన్న ఒక చిన్న కణాల గుంపు నుంచి బయలుదేరుతుంది. దాన్ని 1899లో వర్ణించిన వైద్యుడి పేరు మీద నేటికీ ఓనఫ్ కేంద్రకం అంటారు. ఇరవై ఏళ్ల కింద పడిన దెబ్బ ఇప్పుడెందుకు బయటపడిందని మీరు అడగవచ్చు. వయసుతో ఆ చారల పోగులు అందరిలోనూ కొంత తగ్గుతాయి. అప్పటిదాకా మిగులు బలంతో నెట్టుకొచ్చిన శరీరానికి నలభై దాటాక ఆ మిగులు ఉండదు.

అయితే ఇది మీ బాధలో సగమే. తాళం తీస్తుండగా వచ్చే తొందర వేరే జాతిది. అక్కడ తలుపు బలహీనమై కాదు, డెట్రూసర్ అనే మూత్రాశయపు గోడ కండరం అనుమతి లేకుండా ముడుచుకోవడం వల్ల మూత్రం వస్తుంది. ఆరోగ్యవంతమైన మూత్రాశయంలో 150 నుంచి 200 మిల్లీలీటర్లు చేరాక మొదటి కబురు అందుతుంది, 400 నుంచి 500 దాకా హాయిగా పడుతుంది. ప్రతి నలభై నిమిషాలకూ "ఎందుకైనా మంచిది" అని ఖాళీ చేస్తూ పోతే, వంద మిల్లీలీటర్లకే గగ్గోలు పెట్టే అలవాటు దానికి పడుతుంది. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి, కొందరిలో ఆ తొందర ఇంకా పెరుగుతుంది. మలబద్ధకం వల్ల ముక్కడం, ఆ ముక్కుడుకు ఇప్పటికే సాగిన ఆధారం మరింత సాగడం దాని వెన్నంటే వస్తాయి. మీరు జాగ్రత్త అనుకొని చేస్తున్న రెండు పనులూ ఆ జబ్బునే పోషిస్తున్నాయని చెప్పడం నాకు కష్టంగానే ఉంది.

ఇక దగ్గు సంగతి. రామిప్రిల్ జాతి మాత్రలు కొందరిలో పొడిదగ్గు తెస్తాయి, అది మొదలుపెట్టిన వారాలకు గాని నెలలకు గాని రావచ్చు. కనుక మీరు చేయగలిగినవాటిలో అన్నిటికంటే తేలికైనది, బహుశా అన్నిటికంటే తొందరగా ఫలితమిచ్చేది, ఆ మాత్ర రాసిన డాక్టరును కలిసి "దగ్గు దీనివల్లేనా, టెల్మిసార్టాన్ వంటి వేరే తరగతి మాత్రకు మార్చవచ్చా" అని అడగడమే. కారణం అదే అయితే మార్చిన కొన్ని వారాల్లో దగ్గు తగ్గుతుంది. మీ అంతట మీరు మాత్రం మాత్ర ఆపవద్దు, బీపీ అదుపు తప్పితే వచ్చే నష్టం ఈ తడి కంటే చాలా పెద్దది. మార్చేటప్పుడు మూత్రం కారే విషయమూ చెప్పండి. ప్రజోసిన్ వంటి కొన్ని బీపీ మందులు మూత్రాశయపు మెడను వదులు చేస్తాయి, నీటి మాత్రలు మూత్రాన్ని పెంచుతాయి. మాత్ర మార్చినా దగ్గు పోకపోతే ఛాతీ పరీక్ష చేయించుకోవలసిందే, ఎందుకంటే పొడిదగ్గుకు ఇంకా వేరే కారణాలూ ఉంటాయి.

మాత్ర సంగతి నడుస్తుండగానే మూడు రోజులు ఒక కాగితం మీద లెక్క రాయండి. ఎప్పుడెప్పుడు ఎన్ని నీళ్లో టీయో తాగారు, ఏ గంటకు వెళ్లారు, పాత కొలత మగ్గుతో కొలిస్తే ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, చుక్క పడినప్పుడు దగ్గారా లేక తొందర వచ్చిందా అన్నవి రాస్తే చాలు. సెలవులు కలిసిన రోజులైతే కొలవడం సులభం. ఆ కాగితంతో యూరాలజిస్టు వద్దకు గాని, ఈ సమస్యలు చూసే గైనకాలజిస్టు వద్దకు గాని వెళ్లండి. హైదరాబాద్ నగరంలో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో యూరాలజీ విభాగాలు ఉన్నాయి. మూత్ర పరీక్ష, రక్తంలో చక్కెర, మూత్రానికి వెళ్లాక లోపల ఎంత మిగిలిందో చూసే స్కానింగు, మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూసే సాధారణ పరీక్ష మొదట సరిపోతాయి. సన్నని గొట్టాలు పెట్టి ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష ఆపరేషన్ దాకా వెళ్లేవారికో, చిక్కుముడి వీడనివారికో అవసరం, తొలి రోజే కాదు. మూత్రంలో రక్తం కనిపించినా, కాళ్ల మధ్య మొద్దుబారినా, మూత్రం బొత్తిగా రాకపోయినా, దగ్గుతో తొందరతో పనిలేకుండా పగలూ రాత్రీ కారుతూనే ఉన్నా లెక్కలు పక్కన పెట్టి వెంటనే చూపించుకోవాలి.

చికిత్సలలో నేను మీకు ముందు చెప్పేది మీరు విసిగి వదిలేసిన వ్యాయామమే. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ తన పద్ధతిని వివరించినప్పుడు, కండరం సరిగా బిగుస్తున్నదీ లేనిదీ కొలిచే ఒక పరికరాన్ని కూడా దానితోపాటు పరిచయం చేశాడు. వీడియోలు ఆయన పేరును ఉంచుకొని పరికరాన్నీ పరీక్షనూ వదిలేశాయి. చెప్పగానే చేసేవారిలో చాలామంది పొట్టను బిగిస్తారు, పిరుదులు బిగిస్తారు, కొందరైతే ముక్కుతారు, అది మేలుకు బదులు కీడే చేస్తుంది. నలుగురిలో గ్యాసు బయటికి రాకుండా ఆపుకునేటప్పుడు లోపలికీ పైకీ లాగినట్టు అనిపించే కదలిక సరైనది. ఆ సమయంలో ఊపిరి మామూలుగా ఆడాలి. ఒక విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు, 3 నెలలు మానకుండా చేయాలి. నెల రోజులకు తీర్పు చెప్పడం న్యాయం కాదు. బిగువును ఒకటి రెండు సెకన్లతో మొదలుపెట్టి పదికి పెంచండి, మధ్యలో గబగబా బిగించి వదిలేవి కూడా కలపండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని అభ్యాసంగా పెట్టుకోవద్దు. ఈ పనిలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు వేలితో పరీక్షించి ఏ కండరం కదులుతోందో మీకే తెలిసేలా చేస్తారు. ఫోర్సెప్స్ కాన్పు అయిన మీకు ఆ పరీక్ష ముఖ్యం, కండరం ఒకవైపు ఎముక నుంచి విడిపోయి ఉంటే వ్యాయామం ఇచ్చే ఫలితానికీ హద్దు ఉంటుంది. ఇందులో ఖర్చయ్యేవి కొంత డబ్బూ ఎంతో ఓపికా. చెడు ఫలితాలు దాదాపు లేవు. శరీరం బరువు ఎక్కువగా ఉంటే, అందులో కనీసం 5 శాతం తగ్గినా కారడం తగ్గుతుంది. మీ బరువు మీరు రాయలేదు కనుక అంతటితో విడిచిపెడుతున్నాను.

తాళం దగ్గర వచ్చే తొందరకు మూత్రాశయానికే చదువు చెప్పాలి. ప్రస్తుతం నలభై నిమిషాలకొకసారి వెళుతుంటే దాన్ని యాభై ఐదు చేయండి, వారానికి పది పదిహేను నిమిషాలు పెంచుతూ రెండున్నర, మూడు గంటలకు చేర్చండి. తొందర వచ్చినప్పుడు పరుగెత్తకుండా నిలబడి ఐదారుసార్లు గబగబా బిగిస్తే ఆ అల తగ్గుతుంది, తగ్గాక నడిచి వెళ్లండి. కనీసం 6 వారాలు పడుతుంది. నీళ్లు రోజంతా సమానంగా పంచుకొని తాగండి, టీలు తగ్గించండి, స్టాఫ్ రూములో వచ్చిన ప్రతి కప్పూ పుచ్చుకోనక్కరలేదు. ఇది సరిపోకపోతే సోలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ వంటి మాత్రలు ఉన్నాయి. మొదటిది నోరు ఎండేలా చేసి, మీకు ఇప్పటికే ఉన్న మలబద్ధకాన్ని పెంచుతుంది. రెండవది బీపీని కొంత పెంచవచ్చు కనుక మీలాంటివారు కొలుచుకుంటూ వాడాలి. ఈ మాత్రలు తొందరకే పనికివస్తాయి, దగ్గినప్పుడు పడే చుక్కను ఆపవు.

మూడు నెలల తరువాతా దగ్గుతో, తుమ్ముతో తడవడం తగ్గకపోతే, అది మీ బతుకును కుదించేస్తుంటే, ఆపరేషన్ గురించి ఆలోచించడంలో తప్పేమీ లేదు. అయితే అది ప్రసేకపు ఆధారానికి చేసే ఆపరేషన్ కావాలి. 1996లో స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ ప్రసేకం మధ్యభాగం కింద సన్నని పాలీప్రొపిలీన్ టేపును ఊయలలా అమర్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు. చిన్న కోత, త్వరగా ఇల్లు చేరడం, ఎక్కువ మందికి ఉపశమనం దాని మేలు. కొందరిలో టేపు యోని గోడ నుంచి బయటపడడం, దీర్ఘకాలపు నొప్పి, మూత్రం సరిగా రాకపోవడం దాని కీడు. పూర్తిగా తీసేయడం కూడా సులభం కాదు. బ్రిటన్‌లో 2018లో ఇటువంటి ఆపరేషన్లను ఆపి ఉంచారంటే ఈ ఫిర్యాదుల బరువు ఎంతో తెలుస్తుంది. టేపు వద్దనుకునేవారికి తమ సొంత కణజాలపు పట్టీతో చేసే స్లింగ్, మూత్రాశయపు మెడను పైకి నిలిపేలా వేసే, 1961 నుంచి ఉన్న బర్చ్ కుట్లు ఉన్నాయి, వాటికి కోత పెద్దది, కోలుకునే రోజులూ ఎక్కువే. ఆపరేషనే వద్దనుకుంటే బతుకమ్మ, పెళ్లిళ్లు వంటి రోజుల్లో యోనిలో పెట్టుకొని తరువాత తీసేసే సిలికాన్ ఆధారం, పెసరీ, ఒకటి ఉంది. మన దగ్గర డాక్టర్లు దాని ఊసు అరుదుగా ఎత్తుతారు, మీరే అడగండి.

భర్తకు చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు, అయినా ఉత్తరంలో సగం బాధ అక్కడే ఉంది. చెప్పకపోతే ఆయన మీ గైర్హాజరీకి తనకు తోచిన కారణం కల్పించుకుంటూనే ఉంటారు, వారానికొకసారి ఫిజియోథెరపీకి వెళ్లడానికి మీరు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. చెబితే ఒక సాయంత్రం ఇబ్బందిగా గడవవచ్చు. కండరాలు, నాడులు అంటూ పాఠం చెప్పనక్కరలేదు. "రెండో కాన్పు తరువాత లోపల కండరం సాగింది, దగ్గితే తడుస్తోంది, వైద్యం ఉంది, మూడు నెలలు పడుతుంది, మీ వాళ్ల మీద కోపం కాదు" అంటే చాలు. ఆడపడుచుకు మాత్రం మీరు వాదించి ఒప్పించవలసిన బాధ్యత ఏమీ లేదు.

మీరు ఆషాఢంలో రాశారు, ఎంగిలిపూల బతుకమ్మ నాటికి అటూ ఇటూగా మూడు నెలలు పడుతుంది. వ్యాయామం పట్టుబడ్డాక ఒక చిన్న మెలకువ నేర్చుకోండి. దగ్గు గొంతులో కదలగానే, తుమ్ము ముక్కులో మెదలగానే, అది బయటపడేలోపు కింది కండరాన్ని బిగించాలి. వంగి చప్పట్లు కొట్టే ప్రతి అడుగులోనూ ఒత్తిడి వంగేటప్పుడే పెరుగుతుంది కనుక, బిగువు వంగడానికి ఒక్క క్షణం ముందు రావాలి, లేచేటప్పుడు వదలాలి. ఆ లయను రోజూ ఇంట్లో వంటగది గట్టు ముందు నిలబడి పదిసార్లు సాధన చేయండి. తొలి రోజు ఆటకు ప్యాడ్ పెట్టుకొనే వెళ్లండి, అరగంట ఆడి, తిరిగి వచ్చాక ఎంత తడిసిందో ఆ కాగితం మీదే రాయండి, తరువాతి పరీక్షకు వెళ్లేటప్పుడు డాక్టరుకు అది చూపించాలి.